ఒక పాటకు మూడు వేల నొక్కులు: మణికట్టు కోసం నేను మార్చుకున్న పని

కడపలో మా ఇంటి మేడ మీది గదిలో, కిటికీ పక్కన, గోడలోకి దించి కట్టిన నల్ల కడప బండ ఒకటి ఉంది. ఇల్లు కట్టించేటప్పుడు మా నాయన పుస్తకాలూ లెక్కల కాగితాలూ పెట్టుకోవడానికని దాన్ని వేయించాడు. ఆయన పోయిన తరువాత అది నా పనిబల్ల అయింది. దాని మీద కంప్యూటర్, రెండు స్పీకర్లు, కంప్యూటర్‌కు స్వరాల వివరాలు పంపే 49 మెట్ల మిడి కీబోర్డు పెట్టుకొని భక్తిగీతాలకూ జానపదాలకూ బడి వార్షికోత్సవాల నృత్యాలకూ ఎన్నికలప్పుడు పార్టీల పాటలకూ సంగీతం సమకూర్చడమే పన్నెండేళ్లుగా నా జీవనాధారం. తబలా అయినా నాదస్వరమైనా నా గదిలో చాలావరకు మౌస్‌తోనే మోగేవి. ఆ మౌస్ పట్టిన చేయి 2024 ఎండాకాలం మొదట్లో ఎలా మొరాయించిందో, దాన్ని దారికి తెచ్చుకోవడానికి నేను చేసినవాటిలో ఏవి పనికివచ్చాయో, ఏవి డబ్బు దండుగ అయ్యాయో ఇక్కడ రాస్తున్నాను. నేను వైద్యుణ్ని కాను గనుక నా చేతికి చెప్పిన వైద్యాన్ని ఎవరూ తమ చేతికి నేరుగా వాడుకోవద్దని మాత్రం ముందే మనవి చేస్తున్నాను.

ఆ ఏడాది ఫిబ్రవరి చివరలో ఒక భక్తబృందం వారు వచ్చి, శ్రీరామనవమి నాటికి ఆరు పాటలు కావాలనీ, ఆరూ చెక్కభజన వరుసల్లోనే ఉండాలనీ కోరారు. మార్చిలో ఎన్నికల షెడ్యూలు వెలువడగానే పార్టీల పాటలు కూడా వచ్చి పడ్డాయి. చెక్కభజన పాటకు ప్రాణం చెక్కల చప్పుడూ వాటికి బిగించిన గజ్జెల గలగలా. వాటిని నేను పియానో రోల్‌లో, అంటే స్వరాలను గళ్ల మీద గీతలుగా చూపే తెర మీద, ఒక్కొక్కటిగా గీసేవాణ్ని. లెక్క వేసి చూడండి. నిమిషానికి 96 దెబ్బల నడకలో సాగే నాలుగు నిమిషాల పాటలో 384 దెబ్బలుంటాయి. ఒక్కో దెబ్బను నాలుగు భాగాలు చేసి గజ్జెల చప్పుడు నింపితే 1,536 స్వరాలవుతాయి. అన్నీ ఒకే బలంతో మోగితే గడియారం కొట్టుకున్నట్టు ఉంటుంది గనుక ప్రతిదాని వెలాసిటీని, అంటే గరిష్ఠంగా 127 వరకు ఉండే ఆ బలం అంకెను, మళ్లీ మౌస్‌తో పట్టి పైకో కిందికో లాగాలి. ఒక్క వాద్యానికే మూడు వేల పైచిలుకు నొక్కులు అక్కడే అయిపోతాయి. నకలు తీసి అతికించవచ్చు గదా అని ఈ వృత్తిలో ఉన్నవారు అడుగుతారు. అతికించినది అతికించినట్టే వినిపిస్తుందని నాకొక పట్టుదల ఉండేది. ఆ పట్టుదల ఖరీదు తరువాత తెలిసింది. ఇక నాదస్వరం గమకాల సంగతి మరీ కష్టం. స్వరాన్ని పైకో కిందికో వంచే పిచ్ బెండ్ విలువలు 0 నుంచి 16,383 వరకు ఉంటాయి, నడుమ 8,192 దగ్గర స్వరం నిలకడగా ఉంటుంది. ఒక కంపితాన్ని, అంటే స్వరాన్ని వణికించే గమకాన్ని, ఆ గీతలో అలలుగా గీయాలంటే మౌస్ మీట వదలకుండా నొక్కి పట్టి, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి కదలికలతో లాగాలి. వేగంగా నొక్కడం కన్నా ఇలా బిగబట్టి లాగడమే చేతికి ఎక్కువ చేటని ఇప్పుడు నాకు నమ్మకంగా తెలుసు.

మొదటి సూచన మార్చి రెండో వారంలో వచ్చింది. టీ గ్లాసు ఎత్తబోతే బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఉబికి కనిపించే ఎముక మీద, సన్నగా ఎవరో దారం పట్టి లాగినట్టు అనిపించింది. నాలుగు రోజులకు మరొకటి మొదలైంది. రాత్రి రెండు, మూడు గంటల మధ్య కుడిచేయి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. మంచం అంచున కూర్చుని చేతిని రెండు నిమిషాలు విదిలిస్తే తగ్గేది. మా అమ్మ ఒకనాడు అది చూసి, "ఆ ఎలుకను ఇడిసిపెట్టి రోంతసేపు పండుకో అబ్బీ" అన్నది. నేను వినలేదు. మందుల షాపులో లక్షణాలు చెబితే నొప్పి మాత్రలు ఇచ్చారు, పది రోజులు మింగాను. అవి పని చేయకపోయినా బాగుండేదేమో. నొప్పి తెలియకుండా పోయినందువల్ల రోజుకు పది గంటలు కూర్చోగలిగాను, చేతిలో వాపు చల్లగా పెరుగుతూ పోయింది, పైగా కడుపులో మంట మొదలైంది. పెదనాన్న కొడుకొకరు పుత్తూరు కట్టు కట్టించుకొమ్మని సలహా ఇచ్చారు. ఎముక విరిగినవారు వెళ్లే చోటికి ఎముక విరగని నేనెందుకని ఊరుకున్నాను.

అదే సమయంలో రెండు వస్తువులు కొన్నాను. ఒకటి, మౌస్ ముందు మణికట్టు ఆనించుకునే మెత్తని జెల్ దిండు. రెండోది, చుట్టి బిగించుకునే ఎలాస్టిక్ పట్టీ. దిండు మెత్తగానే ఉన్నా, దాని మీద మోపిన మణికట్టు కదలదు. మణికట్టు కదలనప్పుడు మౌస్‌ను నడపాల్సిన భారమంతా వేళ్ల మీదా బొటనవేలి మీదా పడుతుంది. అరచేతికి దిగువన సరిగ్గా నరం పోయే చోటే ఒత్తిడి కూడా ఉంటుంది. పట్టీ బిగించుకొని పని చేస్తే ఆ పట్టీతోనే పెనుగులాడినట్టయి సాయంత్రానికి ముంజేయి మొత్తం సలిపేది. వీటికి తోడు మరో తప్పు, నా గదికి మాత్రమే చెందినది. మార్చిలోనే ఎండ మండే ఊరు కాబట్టి ఏసీని 19 దగ్గర పెట్టేవాణ్ని. ఏసీ గాలికి కడప బండ ఫ్రిజ్‌లో పెట్టిన పళ్లెంలా చల్లబడేది. ఆ చల్లని రాతి అంచు మీద ముంజేతిని గంటల తరబడి ఆనించి ఉంచేవాణ్ని. సాయంత్రం లేచి చూసుకుంటే మణికట్టుకు రెండు అంగుళాల పైన అడ్డంగా ఎర్రని గీత పడి ఉండేది. దాన్ని రోజూ చూశాను, కానీ అది చెబుతున్న మాట వినలేదు.

ఏప్రిల్ 9న ఉగాది. తిరుమలకు తొలి గడపగా పేరున్న దేవుని కడపకు ఆ ఉదయం హిందువులతోపాటు ముస్లింలు కూడా వచ్చి స్వామిని దర్శించుకోవడం మా ఊరి ఆనవాయితీ. స్వామి భార్యగా చెప్పుకునే బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ అన్న నమ్మకంతో వారు టెంకాయలూ బెల్లమూ వేపపూతా తెస్తారు. నేను క్యూలో ఒక ముసలమ్మ వెనక నిలబడి ఉన్నాను. నా చేతిలో టెంకాయ, పూలు, అరటిపండ్లు ఉన్న చిన్న వెదురుబుట్ట ఉంది. ముందువారు కదలగానే బుట్టను ఎడమచేతి నుంచి కుడిచేతికి మార్చుకోబోయాను. బొటనవేలు బుట్ట అంచును పట్టుకోలేదు. పట్టుకోవాలన్న ఉద్దేశం నాకు ఉన్నది, వేలు మాత్రం అందుకు నిరాకరించింది. టెంకాయ దొర్లి ఆ ముసలమ్మ కాళ్ల దగ్గర ఆగింది. ఆమె వంగి తీసి బుట్టలో పెట్టి, "చెయ్యి బాగలేదా నాయనా" అని అడిగింది. అప్పటిదాకా ఆ ప్రశ్న నాకు నేను వేసుకోలేదు. మరునాడే ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లాను.

ఆయన ముందుగా స్కానింగులేమీ రాయలేదు. బొటనవేలిని గుప్పిట్లో పెట్టి మూయించి, ఆ గుప్పిటను చిటికెనవేలి వైపుకు మెల్లగా వంచారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తరువాత రెండు చేతుల వెనక భాగాలను ఒకదానికొకటి ఆనించి, మణికట్లను పూర్తిగా కిందికి వంచి ఒక నిమిషం అలాగే ఉంచమన్నారు. నలభై సెకన్లు గడవకముందే చూపుడువేలూ నడిమివేలూ తిమ్మిరెక్కాయి. ఆ తరువాతి పరీక్ష నాకు బాగా గుర్తుండిపోయింది. దూదిని పోగులా నలిపి, కళ్లు మూసుకొమ్మని చెప్పి, ఉంగరపు వేలికి ఒకసారి నడిమివేలి వైపున, మరొకసారి చిటికెనవేలి వైపున తాకించారు. ఒకే వేలు ఒక పక్కన మొద్దుగా, మరో పక్కన మామూలుగా ఉంది. మణికట్టు సొరంగం గుండా వచ్చే మధ్యస్థ నాడి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపు వేలిలో సగం వరకే స్పర్శనిస్తుందనీ, మిగిలిన సగానికీ చిటికెనవేలికీ వేరే నాడి ఉంటుందనీ, మెడ నుంచి వచ్చే తిమ్మిరి ఇంత కచ్చితంగా వేలిని నిలువునా చీల్చినట్టు ఉండడం అరుదనీ వివరించారు.

మన మాటలో రక్తం పోయేదీ నరమే, స్పర్శ తెలిపేదీ నరమే, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచేదీ నరమే. అందువల్ల "నరాలు లాగుతున్నాయి" అంటే ఏది లాగుతోందో మనకే తెలియదు. ఆయన కాగితం మీద బొమ్మ గీశారు. మణికట్టులో మూడు వైపులా చిన్న ఎముకలు, పైన మందపాటి పట్టీ ఉన్న ఇరుకు దారి. అందులో కండరాలను ఎముకలకు కట్టి వేళ్లను వంచే స్నాయువులు తొమ్మిది, వాటి నడుమ నాడి ఒక్కటి. స్నాయువుల పొరలు ఉబ్బితే దారి వెడల్పు కాదు గనుక నలిగేది నాడే. మణికట్టును కిందికి వంచినా పైకి విరిచినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. నిద్రలో మనకు తెలియకుండానే చేతిని వంచుకొని పడుకుంటాం కాబట్టి తిమ్మిరి రాత్రిపూట బయటపడుతుంది. బొటనవేలి నొప్పి దీనితో సంబంధం లేని రెండో జబ్బు. ఆ వేలిని పైకెత్తే రెండు స్నాయువులు మణికట్టు పక్కన ఒకే ఒరలోంచి జారుతూ పోతాయి, ఆ ఒర వాచి బిగుసుకుంది. 1895లో దాన్ని వివరించిన స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు డి కెర్వాన్ పేరే జబ్బుకు పెట్టారు. షుగరు, థైరాయిడ్ ఉన్నా ఇటువంటివి వస్తాయని రక్తపరీక్షలు చేయించారు; రెండూ మామూలుగానే ఉన్నాయి. రాత్రిళ్లు మణికట్టును నిటారుగా ఉంచే బద్ద, పగలు బొటనవేలిని కదలనివ్వని మరో బద్ద ఆరు వారాలు కట్టుకోవాలనీ, మొదటి రెండు వారాలు మౌస్ ముట్టుకోరాదనీ, దీనికి లొంగకపోతే ఇంజెక్షను, నాడి పరీక్ష, ఇంకా అవసరమైతే ఆపరేషను గురించి ఆలోచిద్దామనీ చెప్పారు.

నవమి ఏప్రిల్ 17న. నా దగ్గర నాలుగు పాటలు తయారై ఉన్నాయి, రెండు మిగిలాయి. ఉన్న విషయం చెప్పి భక్తబృందం వారిని గడువు అడిగాను. వారి కార్యక్రమం ఒంటిమిట్టలో. అక్కడ కోదండరాముని కల్యాణం నవమి రోజు కాకుండా పున్నమి వెన్నెలలో రాత్రిపూట జరుగుతుంది కాబట్టి, ఆ రెండు పాటలు కల్యాణం నాటికి అందితే చాలునన్నారు. ఎన్నికల పాటలు మాత్రం చేయిజారిపోయాయి. నష్టం తక్కువేమీ కాదు.

మౌస్ పట్టడానికి మా అక్క కొడుకును పిలిపించుకున్నాను. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న పిల్లవాడు, సంగీతం తెలియదు, కంప్యూటర్ తెలుసు. నేను వెనక కుర్చీలో చేతికి బద్ద కట్టుకొని కూర్చుని చెబుతూ ఉంటే వాడు చేయడం మొదలుపెట్టాడు. "దాన్ని రెండు గళ్లు కుడికి జరుపు, వెనక్కి పో, వినిపించు, బలం కొంచెం తగ్గించు, మళ్లీ వినిపించు." అరగంట గడిచాక వాడు మౌస్ వదిలి వేళ్లు విరుచుకుంటూ, "మామా, రోజూ ఇన్నిసార్లు నొక్కుతావా? దీనికి షార్ట్‌కట్ ఏదీ లేదా?" అని అడిగాడు. సంగీతం రికార్డు చేసి దిద్దడానికి నేను వాడే రీపర్ అనే ప్రోగ్రాంలో ఏ పనికైనా మీట కేటాయించుకునే సౌకర్యం ఉంది. నాలుగైదు పనులను వరుసగా గుచ్చి ఒకే మీటకు కట్టవచ్చు కూడా. అది నాకు తెలియక కాదు. చేయి బాగున్నంతకాలం అవసరం అనిపించలేదు, అంతే. ఆ సాయంత్రం మేమిద్దరం పాట సంగతి పక్కనపెట్టి, ఒక గంటలో ఏ పని ఎన్నిసార్లు చేస్తున్నామో కాగితం మీద గీతలు పెట్టుకుంటూ లెక్కించాం. అసలు స్వరాలు గీయడం కన్నా, చూడవలసిన చోటికి జరుపుకోవడం, పెద్దది చిన్నది చేసుకోవడం, మొదటికి వెళ్లి వినడం, తప్పును రద్దు చేయడం, వీటికే ఎక్కువ గీతలు పడ్డాయి. నా మణికట్టును అరగదీసినది నేను కళ అనుకున్న పని కాదు, దాని చుట్టూ ఉన్న నడక.

ఆ కాగితం ఆధారంగా మార్పులు చేశాం. మొదటికి వెళ్లి వినిపించడం, నాలుగు ఆవృత్తాలను మళ్లీమళ్లీ తిప్పడం, పూర్తి పాట ఒక్క చూపులో కనిపించేలా చేయడం, ఎంచుకున్న భాగానికి దగ్గరగా పోవడం, ఇవన్నీ ఎడమచేతికి అందే మీటలకు మారాయి. అయితే కంట్రోల్ మీటతో కలిపి నొక్కేవాటిని వీలైనంత తగ్గించాను. కుడిచేతి భారాన్ని తీసుకెళ్లి ఎడమ చిటికెనవేలి మీద పెట్టడం తెలివైన పని కాదు గదా. రికార్డింగు మొదలుపెట్టడం, ఆపడం కాలికి అప్పగించాను. స్వరాన్ని సాగదీయడానికి మిడి కీబోర్డుకు తగిలించి కాలితో తొక్కే సస్టెయిన్ పెడల్ పంపేది 64వ నంబరు కంట్రోల్ సందేశం. రీపర్ సెట్టింగులలో ఆ కీబోర్డు నుంచి వచ్చే కంట్రోల్ సందేశాలను అనుమతించి, యాక్షన్ల జాబితాలో దాన్ని రికార్డుకు కట్టుకుంటే సరిపోయింది. రోజూ మూలన పడి ఉండే పెడల్ అది, కొత్తగా పైసా ఖర్చు కాలేదు. లాగక తప్పని చోట విండోస్ మౌస్ సెట్టింగులలోని క్లిక్‌లాక్ ఉపయోగపడింది: మీటను క్షణం నొక్కి వదిలితే అది నొక్కి పట్టినట్టే ఉండిపోతుంది, చేయి జరిపి మళ్లీ ఒకసారి నొక్కితే విడుస్తుంది. కొలతల పట్టింపు ఉన్నచోట స్వరాలను పెద్దవిగా చేసుకొని జరపడం అలవాటు చేసుకున్నాను. చిన్న గడిలో గురిపెట్టేటప్పుడు వేళ్లు తెలియకుండానే బిగుసుకుంటాయి.

అన్నిటికన్నా పెద్ద మార్పు, గీయడం మాని వాయించడం. నాకు కీబోర్డు వాయించే వేగం లేదు; అందుకే గీసేవాణ్ని. మా వీధిలో మృదంగం నేర్పే పెద్దాయన ఒకరున్నారు. నా చేతి బద్ద చూసి పలకరించి, కథంతా విని, "మూడో కాలంతో మొదలుపెట్టేవాడికి చేతులు మిగులుతాయా నాయనా? మొదటి కాలంలో వాయించుకో" అన్నారు. మొదటి కాలమంటే నెమ్మది నడక, రెండో కాలం దానికి రెట్టింపు, మూడోది దానికీ రెట్టింపు. ఆయన సాధన గురించి చెప్పారు, నేను దాన్ని కంప్యూటర్‌కు అన్వయించుకున్నాను. మిడిలో రికార్డయ్యేది ధ్వని కాదు, ఏ మెట్టు ఎప్పుడు ఎంత బలంతో నొక్కామన్న వివరం మాత్రమే కాబట్టి, 96 నడకలోని పాటను 48కి దించి తాపీగా వాయించి, తరువాత 96కి పెంచితే రెండో కాలం దానంతటదే వస్తుంది, శ్రుతి చెదరదు. ఎనిమిది ఆవృత్తాలు రెండు వేళ్లతో మార్చి మార్చి వాయిస్తే బలంలో సహజంగానే ఎగుడుదిగుడులు వస్తాయి, వెలాసిటీలను విడిగా లాగే పని లేదు. తాళం దిద్దడానికి క్వాంటైజ్‌ను, అంటే స్వరాలను తాళం గళ్లకు జరిపే సౌకర్యాన్ని, నూటికి నూరు కాకుండా డెబ్బై శాతం దగ్గర ఉంచితే ప్రాణం పోకుండా వరుసలో పడుతుంది. నాదస్వరం గమకాలను కూడా అదే విధంగా నడక తగ్గించి, కుడిచేత్తో స్వరం, ఎడమచేత్తో కీబోర్డు మీది బెండ్ చక్రం తిప్పుతూ పట్టాను. గీసిన గమకం కన్నా తిప్పిన గమకం వినడానికి బాగుందని ఒప్పుకోవడానికి నాకు కొంత అభిమానం అడ్డొచ్చింది.

మిగిలిన రెండు పాటలకు మాత్రం ఇవేవీ అందుబాటులోకి రాలేదు, బద్ద కట్టిన చేతితో మెట్లు కూడా నొక్కలేను. పక్క ఊరి చెక్కభజన బృందాన్ని అడిగాను. ఎనిమిది మంది వచ్చారు. గది చాలదు గనుక తెల్లవారుజామున, రోడ్డు మీద బస్సుల రొద మొదలుకాకముందే, మిద్దె మీద రెండు మైకులు నిలబెట్టాం. ఆ బృందం గురువు చెవికి హెడ్‌ఫోను పెట్టి పాట వినిపిస్తే ఆయన కాలితో నడక చూపించాడు, మిగిలినవారు ఆయన కాలిని చూసి అందుకున్నారు. రెండు గంటల్లో రెండు పాటలూ అయిపోయాయి. నా లెక్క ప్రకారం ఆరు వేలకు పైగా నొక్కులు తప్పాయి. టీ తాగేటప్పుడు ఆ గురువు చెక్కలను నా ఎడమచేతిలో పెట్టి పట్టుకొమ్మన్నాడు. నేను మౌస్ పట్టినట్టు బిగించి పట్టాను. "గట్టిగ పట్టుకుంటే గజ్జె పలకదు సామీ. చెయ్యి కూడా పట్టేస్తాది" అని, నా వేళ్లను ఒక్కొక్కటే వదులు చేశాడు. వేళ్ల మధ్య చెక్క జారీ జారనట్టు నిలిచింది. రాత్రంతా చెక్కలు వాయించగలిగేవారి పట్టు అది. మౌస్‌ను ఎంత బిగించి పడుతున్నానో నాకు నేనుగా ఎన్నడూ గమనించుకోలేదు; ఇప్పుడు గంటకొకసారి ఆ చెక్క గుర్తొస్తుంది.

బల్ల సంగతికి వస్తాను. టేపు పెట్టి కొలిస్తే నేల నుంచి బండ పైభాగానికి 32 అంగుళాలు. కుర్చీలో మామూలుగా కూర్చుంటే నా మోచేయి 26 అంగుళాల ఎత్తున ఉంది. అంటే పన్నెండేళ్లు భుజాలు ఎగబెట్టి, మోచేతికి ఆరు అంగుళాల పైన ఉన్న రాతి మీద చేతులు మోపి పని చేశాను. బండను దించడం కుదరదు. దానికి చెక్క తగిలించమంటే వడ్రంగి వేలితో తట్టి చూసి, ఇది పొరలు పొరలుగా ఉండే రాయి, డ్రిల్లు వేస్తే చీలినా చీలుతుందని తేల్చాడు. చివరికి నేల మీద నిలబడే ఇనుప స్టాండు చేయించి, బండ కింది నుంచి ముందుకు లాగుకునే చెక్కను 28 అంగుళాల ఎత్తున బోల్టులతో బిగించాం. కుర్చీని మూడు అంగుళాలు పెంచి, కాళ్ల కింద వంటింటి పీట వేసుకున్నాను. ఇప్పుడు మోచేయి 29 అంగుళాల దగ్గర, చెక్క దానికి రవ్వంత కింద ఉంటాయి. మణికట్టు వంగకుండా ముంజేతి వరుసలోనే సాగుతుంది. వాయించేటప్పుడు మిడి కీబోర్డు, దిద్దేటప్పుడు మామూలు కీబోర్డు చెక్క మీదికి వస్తాయి. ఆ మార్పిడికి లేవాల్సి వస్తుంది, అదొక విరామం. అంకెల భాగం లేని పొట్టి కీబోర్డు కొన్న తరువాత మౌస్ నాలుగు అంగుళాలు దగ్గరకు జరిగింది. అంతకుముందు దాన్ని అందుకోవడానికి చేయి బయటికి చాచి మణికట్టును చిటికెనవేలి వైపు వంచేవాణ్ని. ఏసీ ఇప్పుడు 26 దగ్గరే ఉంటుంది. బండ మీద చేయి ఆనే పని లేకపోయినా, దాని అంచుకు పాత దుప్పటి ముక్క చుట్టి ఉంచాను.

కొన్నవాటిలో దండుగ అయినవీ ఉన్నాయి. బొటనవేలితో తిప్పే గోళం ఉన్న ట్రాక్‌బాల్ మణికట్టును కదలనివ్వదు, నిజమే. కానీ నా జబ్బే బొటనవేలిది. వారంలో నొప్పి తిరగబెట్టింది, ఆ ట్రాక్‌బాల్‌ను మా మేనల్లుడు తీసుకెళ్లాడు. నిలువు మౌస్ కొంత మేలు చేసింది గానీ సన్నని పనికి గురి కుదరదు, అందుకని పాట వినేటప్పుడు ఒకటి, దిద్దేటప్పుడు ఒకటి మార్చుకుంటున్నాను. వీటన్నిటికన్నా ఆలస్యంగా తెలిసిన దోషి సెల్‌ఫోన్. పగలంతా చేతిని కాపాడుకొని రాత్రి మంచం మీద అదే బొటనవేలితో గంటసేపు సందేశాలు కొడితే బద్ద కట్టి లాభమేమిటని ఫిజియోథెరపిస్టు నవ్వారు. ఇప్పుడు సందేశాలన్నీ గొంతుతోనే పంపుతున్నాను. స్నేహితులు కొందరు దాన్ని పొగరు అనుకున్నారు.

ఆ ఫిజియోథెరపిస్టు మూడో వారం నుంచి వ్యాయామాలు మొదలుపెట్టించారు. మొదట బలం పెట్టనివి: వేళ్లను నిటారుగా చాచడం, కొక్కెంలా వంచడం, గుప్పిట మూయడం, మళ్లీ చాచడం, రోజుకు మూడు సార్లు, పదేసి చొప్పున. నొప్పి ఉన్న రోజుల్లో గట్టిగా లాగి సాగదీయవద్దన్నారు. ఆరో వారం తరువాత అర లీటరు నీళ్ల సీసాను పట్టుకొని, మోకాలి మీద ముంజేతిని ఆనించి, మణికట్టును ఎడమచేతి సాయంతో పైకెత్తి, సాయం లేకుండా మెల్లగా కిందికి దించడం నేర్పారు. విశ్రాంతితో వాపు తగ్గుతుందే తప్ప బలం రాదనీ, బలం రానిదే మళ్లీ పాత భారం మోపితే పాత కథే అవుతుందనీ ఆమె మాట. రాత్రి తిమ్మిరి ఐదో వారానికి పోయింది. బొటనవేలికి జూలై దాకా పట్టింది, ఇంజెక్షను అవసరం పడలేదు.

విరామాల కోసం వర్క్‌రేవ్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టి చూశాను. రాగం ఆలోచిస్తూ ఉండగా తెర మీదికి వచ్చి లేవమంటే చిరాకు పుట్టి తీసేశాను. అందరికీ నా చిరాకు ఉండనవసరం లేదు. నేను వాడేది ఇంకొక పద్ధతి. నీళ్ల చెంబును కిందింట్లోనే ఉంచుతాను. దాహం వేస్తే మెట్లు దిగాలి. కడప ఎండల్లో ఇది గడియారం కన్నా నమ్మకమైనది.

పోయిన వారం బొటనవేలి మొదట్లో మళ్లీ ఆ దారం లాగినట్టు అనిపించింది. రెండు రోజులు పనిని సగానికి తగ్గించి, ఏం మారిందా అని మీటలూ మౌసూ కుర్చీ ఎత్తూ ఒక్కొక్కటే చూసుకున్నాను. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. చివరికి టేపు తీసి చెక్కను రెండు చివరలా కొలిస్తే ఎడమ పక్క 28 అంగుళాలు, కుడి పక్క ఇరవై ఏడున్నర. కుడివైపు బోల్టు వదులై చెక్క కుంగింది. కంటికి తెలియని అర అంగుళం అది. ప్రస్తుతానికి కింద అట్టముక్క మడిచి పెట్టాను; వడ్రంగి ఆదివారం వస్తానన్నాడు.